పోపుల డబ్బాలో మాత్రలు

గుంటూరుకు దగ్గరలోని ఒక ఊరి నుంచి ఒక తల్లి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. సంగతి ఇదీ.

ఆమెకు నలభై ఒక్కేళ్ళు. ఇంట్లోనే జాకెట్లు కుడతారు. భర్త మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. ఒక్కడే కొడుకు, పదిహేనేళ్ళు, వచ్చే ఏడు పదో తరగతి. పన్నెండో ఏట బడిలో ప్రార్థన వరుసలో నిలబడ్డవాడు ఉన్నట్టుండి కిందపడి కొట్టుకున్నాడు. ఫిట్స్ అన్నారు. నరాల డాక్టరు మాత్రలు రాశారు. ఒకటి రెండుసార్లు డోసు మార్చాక కుదురుకుంది. పదహారు నెలలుగా ఒక్కసారి కూడా రాలేదు.

రెండు నెలల కిందట వాళ్ళ మందిరంలో ఇరవయ్యొక్క రోజుల ఉపవాస కూటాలు జరిగాయి. ఆఖరి రాత్రి పాస్టర్ గారు అబ్బాయి తలకు నూనె రాసి ప్రార్థన చేశారు. పట్టిన మూగ, చెవిటి దయ్యం వదిలిపోయిందనీ, ఇక మాత్ర ముట్టుకుంటే దేవుడు చేసిన కార్యాన్ని కాదన్నట్టేననీ అందరి ముందూ చెప్పారు. ఆ రాత్రే భర్త మాత్రల అట్టలు తీసుకెళ్ళి కాలవలో పడేశాడు. ఈమె మర్నాడు కుట్టుకూలి డబ్బులతో మళ్ళీ కొనుక్కొచ్చి, పోపుల డబ్బాలో జీలకర్ర గిన్నె కింద దాచి, భర్త చూడకుండా కొడుక్కి ఇస్తున్నారు. ఆయన ఇంట్లో ఉన్న రోజు కుదరదు. వారానికి రెండు మూడుసార్లు తప్పుతోంది.

"పాస్టర్ గారిని ఒక్క మాట అనలేనండి. ఏడేళ్ళ కిందట మావారు తాగి రోడ్డు మీద పడి ఉంటే ఎత్తుకొచ్చిన మనిషి ఆయన. తర్వాత మూడు నెలలపాటు రోజూ సాయంత్రం ఆరింటికల్లా మా గుమ్మంలో ఉండేవారు. మావారిని వెంటబెట్టుకుని, వైన్ షాపు ఉన్న వీధి తప్పించి, చుట్టు దారిన మందిరానికి తీసుకెళ్ళేవారు. ఈ రోజుకీ మావారు చుక్క ముట్టలేదు. మా ఇల్లు నిలబెట్టిన నోటితోనే ఆయన మాత్రలు మానమంటే ఏమనాలి?"

గుడ్ ఫ్రైడే వెళ్ళాక జరిగే సువార్త సభల్లో ఆమె వేదికెక్కి సాక్ష్యం చెప్పాలట. కొడుకు ఫోటోతో, 'మూర్ఛ నుండి విడుదల' అన్న అక్షరాలతో ఫ్లెక్సీ కూడా వేయించారు. మొన్న ఆల్‌నైట్ ప్రార్థన మర్నాటి పొద్దున కొడుకు చెయ్యి ఒక్కసారి అదిరి టీ గ్లాసు జారిపోయింది. రెండు రోజులకు మళ్ళీ అదిరింది. "అమ్మా, నాకు నయమైందా, కాలేదా?" అని వాడు అడిగాడు. తన విశ్వాసం చిన్నదా, దాచి మాత్రలివ్వడం పాపమా, సాక్ష్యం చెప్పాలా వద్దా అని ఆమె నన్ను అడుగుతున్నారు.

చెల్లెమ్మా, వందనాలు.

మీ మూడు ప్రశ్నలకంటే ముందు మీరు అడగని దాని గురించి చెప్పాలి. ఆ చెయ్యి అదరడం గురించి రేపే డాక్టరుకు ఫోన్ చేయండి. నేను ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని. ఉత్తరం చూసి రోగం ఫలానా అని చెప్పకూడదన్న బుద్ధి ఉంది కాబట్టి పేరు పెట్టను. కానీ పొద్దున లేవగానే చేతులు అదరడం, చేతిలో వస్తువు జారిపోవడం, అదీ రాత్రి నిద్ర లేని మర్నాడు జరగడం డాక్టరు తప్పకుండా వినాల్సిన విషయాలు. ఫిట్స్ ఉన్న చాలామందిలో వాటిని తిరిగి పిలిచేవి ముఖ్యంగా రెండు. ఒకటి మాత్ర తప్పడం, రెండోది నిద్ర చాలకపోవడం. మీ ఇంట్లో ఈ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. కాబట్టి మిగతా గొడవ తేలేదాకా అబ్బాయిని ఆల్‌నైట్ ప్రార్థనలకు పంపకండి. ఉపవాసం చేయించకండి. పదిహేనేళ్ళ పిల్లాడు రాత్రి పదింటికి పడుకుంటే దేవుడు చిన్నబుచ్చుకోడు.

ఇక ఒక్కసారిగా మాత్రలు మానేస్తే ఏమవుతుందన్నది. ఫిట్స్ అంటే మెదడులో కణాల మధ్య నడిచే విద్యుత్తు కాసేపు అదుపు తప్పడం. మాత్ర దాన్ని అదుపులో ఉంచుతుంది. ఆ అదుపును ఉన్నపళంగా తీసేస్తే ఫిట్స్ తిరిగి రావడమే కాదు, ఒకదాని వెనక ఒకటి ఆగకుండా రావచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. మాత్రలు మాన్పించిన ఒక ఆడపిల్లను అలా అర్ధరాత్రి తెస్తే నేను చూశాను. పిల్ల బతికింది. మాట మాత్రం మునుపటిలా రాలేదు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. పోపుల డబ్బా వెనక మీరు చేసింది ఏమిటో మీకే తెలియాలని రాస్తున్నాను. ఈ రెండు నెలలూ వాడిని కాపాడింది చాలావరకు ఆ దొంగచాటు మాత్రలేనని నా అంచనా.

మీ విశ్వాసం చిన్నదా అన్నారు. మార్కు తొమ్మిదో అధ్యాయం తీయండి. మీ పాస్టర్ గారు మూగ, చెవిటి దయ్యమన్న మాట అక్కడిదే. కొడుకు నేలమీద పడి నురుగు కార్చుకుంటుంటే ఒక తండ్రి యేసు దగ్గరికి తెచ్చాడు. యేసు మొదట ఏం చేశాడో చూశారా? ఇది వీడికి ఎంతకాలం నుంచి ఉందని అడిగాడు. ఏ డాక్టరైనా మొదట అడిగే ప్రశ్న అది! చిన్నప్పటి నుంచి అని తండ్రి చెప్పాడు. నిప్పులో పడ్డాడు, నీళ్ళలో పడ్డాడు అని ఏకరువు పెట్టాడు. తర్వాత ఆ తండ్రి నోట వచ్చిన మాట, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము". నమ్మకం, అపనమ్మకం రెండూ ఒకే ఊపిరిలో ఉన్నాయి. యేసు ఆ తండ్రిని ముందు నీ అపనమ్మకం సంగతి చూసుకుని రా అని వెనక్కి పంపలేదు. ఆ సగం సగం నమ్మకంతోనే పిల్లాడు బాగయ్యాడు. చెల్లెమ్మా, మీరు ఒక చేత్తో బైబిలూ ఒక చేత్తో మాత్రా పట్టుకుని నిలబడ్డారు. ఆ తండ్రి పక్కన నిలబడ్డారన్న మాట.

ఇంకో సంగతి. మత్తయి సువార్త నాలుగో అధ్యాయం చివర్లో జనం ఎవరెవరిని తెచ్చారో రాసి ఉంటుంది. దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అని విడివిడిగా. చాంద్రరోగులంటే ఫిట్స్ వచ్చేవాళ్ళు. ఒక్క పిల్లాడి విషయంలో దయ్యం మాట ఉందని, ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డకూ దయ్యాన్ని అంటగట్టే అధికారం ఆ వాక్యం ఎవరికీ ఇవ్వలేదు. అసలు 'నీలో దయ్యం ఉండేది' అని పదిహేనేళ్ళవాడితో వంద మంది ముందు అంటే వాడి లోపల ఏం జరుగుతుందో ఎవరైనా ఆలోచించారా? నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే కోపం తెప్పించింది అదే.

స్వస్థత నిజమే అయితే? అది కూడా అడగాలి. నేను అద్భుతాలు జరగవనేదాన్ని కాను. కానీ పదిమంది కుష్ఠురోగులు కేకలేస్తే యేసు ఏమన్నాడో లూకా రాశాడు. వెళ్ళి యాజకులకు చూపించుకోండి అన్నాడు. ఆ రోజుల్లో చర్మం చూసి శుద్ధమా కాదా తేల్చే బాధ్యత యాజకుడిది. లేవీయకాండం ప్రకారం ఆయన చూసి, ఏడు రోజులు ఆపి, మళ్ళీ చూసేవాడు. తొందర లేదు. బాగు చేసినవాడే పరీక్షకు పంపాడు. అలాంటప్పుడు మన నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం ఎలా అవుతుంది? హిజ్కియా రాజుకైతే పదిహేనేళ్ళ ఆయుష్షు పొడిగిస్తానని దేవుడే మాటిచ్చాడు. మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పళ్ళ ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ఆ ముద్దను ఎవరూ కాలవలో పారేయలేదు.

డాక్టర్లు కూడా జీవితాంతం మాత్రలే అని మొండికేయరు. సరైన మందులు వాడితే ఫిట్స్ ఉన్నవారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సాధారణంగా రెండేళ్ళపాటు ఒక్కసారి కూడా రాకపోతే తగ్గించే ఆలోచన చేస్తారు. అదీ నెలల తరబడి కొంచెం కొంచెంగా. కొన్ని రకాల్లో మాత్రం ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి వస్తుంది. మీకు పదహారు నెలలు గడిచాయి. నిజంగా నయమై ఉంటే ఆ మెల్లగా తగ్గించే దారిలోనే అది బయటపడుతుంది. దేవుడి పని ఇంకో ఏడాది ఆగితే పాడైపోయేది కాదు.

ఇప్పుడు మీ పాస్టర్ గారి దగ్గరికి వస్తాను. మీ ఉత్తరం చదివేటప్పుడు మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. సాయంత్రం ఆరింటికి గుమ్మంలో నిలబడటం, చుట్టు దారి. మీ ఇంట్లో జరిగిన అద్భుతం అదేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ అది ఎలా జరిగిందో చూడండి. 'తాగుడు దయ్యం వదిలింది, ఇక నువ్వు ఒంటరిగా వైన్ షాపు ముందు నుంచే నడిచి నీ విశ్వాసం చూపించు' అని ఆయన మీవారితో అనలేదు. రోజూ వచ్చాడు. మూడు నెలలు వచ్చాడు. ఒక్క సాయంత్రం తప్పితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ సాయంత్రం నడక రోజుకొక మాత్ర కాదూ? తండ్రికి అంత ఓపికగా మందు వేసిన మనిషి కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఒక్క రాత్రిలో తేల్చేయాలని ఎందుకు చూశాడో నాకు అంతుపట్టలేదు. సభలు దగ్గరపడ్డాయనా? ఫ్లెక్సీ కావాలనా? ఏమో, దురుద్దేశం అంటగట్టను. ఆయనకు ఫిట్స్ గురించి తెలియకపోవచ్చు, అంతే. అయినా మీరు ఆయనతో మాట్లాడాలంటే ఈ తలుపే తట్టాలి. "అయ్యగారూ, మావారి చెయ్యి మూడు నెలలు వదలలేదు మీరు. మా అబ్బాయి చెయ్యి కూడా డాక్టరు చాలన్నదాకా వదలకండి" అనండి.

మన ప్రాంతపు క్రైస్తవం ఈ ఓపిక మీదే నిలబడింది. గుంటూరులో 1883లో దిగిన అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌కు ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి తెరవడానికి 1898 దాకా పట్టింది. ఆవిడ ప్రార్థన చేసే మనిషే, మందులు ఇచ్చే మనిషే. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన సభల్లో ఎప్పుడూ చెబుతారు. దానికి ముందరి సంగతి తక్కువగా చెబుతారు. కరువు రోజుల్లో అక్కడి అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించారు. తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. లెక్క పెంచుకునే అవకాశం చేతిలో ఉండి కూడా ఆగారు! ఆ కాలవ సంగతి మీ సభల్లో ఎవరైనా చెబితే నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.

సరే, మీరు చేయగలిగినవి ఏమిటి? నాకు కనిపించినవి చెబుతాను, ఎంచుకునేది మీరు.

ఇప్పటిలాగే దాచి ఇవ్వడం ఒకటి. పాపమా అన్నారు. నేను పాపమనను. బిడ్డ ప్రాణం కోసం తల్లి చేసిన పని అది. ఐగుప్తులో మంత్రసానులు ఫరోకు అబద్ధం చెప్పి మగబిడ్డలను బతికించారు, దేవుడు వాళ్ళకు మేలే చేశాడు. కానీ ఈ దారి ఎక్కువ రోజులు నడవదు. మాత్రలు తప్పుతున్నాయి. డాక్టరు దగ్గరికి భర్తకు తెలియకుండా వెళ్ళాలి. రేపు మీరు ఊళ్ళో లేనప్పుడు ఫిట్స్ వస్తే ఆయనకు ఏమీ తెలియదు. మీరు ఎంత తప్పించాలన్నా ఫిట్స్ రాని ప్రతి రోజూ 'చూశారా, మాత్రలు లేకుండానే బాగున్నాడు' అన్న మాటకు బలమిస్తుంది. అన్నిటికంటే బరువైన మూట మీ కొడుకు మోస్తున్నాడు. తండ్రి దగ్గర ఒకలా, తల్లి దగ్గర ఒకలా, సంఘం ముందు ఇంకోలా ఉండాలి వాడు.

మీవారికి చెప్పేయడం ఇంకొకటి. కోపం వస్తుంది. మోసం చేశావంటాడు. కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు కూడా. కానీ మీ ఉత్తరంలో ఆయన చెడ్డవాడుగా ఎక్కడా కనబడలేదు. భయపడ్డ మనిషిగా కనిపించాడు. ఆ పాస్టర్ మాట కాదంటే మళ్ళీ గ్లాసు దగ్గరికి పోతానేమోనన్న భయం ఆయనది. అది ముందు అర్థం చేసుకుని మాట్లాడండి. ఒంటరిగా వద్దు. మీ అన్నగారో, ఆయన గౌరవించే సంఘ పెద్దో పక్కన ఉంటే మేలు. మాటలతో గెలవాలని చూడకండి. డాక్టరు దగ్గరికి ఒక్కసారి ఆయన్నే తీసుకెళ్ళండి, మాత్రలు ఎందుకు, ఎప్పుడు తగ్గించవచ్చు అన్నది ఆయనే అడగనివ్వండి. మగవాళ్ళు భార్య చెప్పింది నమ్మరు, తెల్లకోటు చెప్పింది నమ్ముతారు. (ఇది నా వృత్తిలో నేర్చిన పాఠం, బైబిల్లోది కాదు.) నన్ను అడిగితే ఈ దారే ముందు ప్రయత్నిస్తాను. ఒక్క షరతు. ఆయన చేయి చేసుకునే మనిషైతే, మళ్ళీ మాత్రలు పారేస్తాడన్న భయం ఉంటే, ముందు ఒక నెల మాత్రలు మీ అమ్మగారింట్లోనో పక్కింట్లోనో ఉంచి అప్పుడు చెప్పండి.

సంఘం మారడం మరో దారి. చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. మీ చీటీ పాట ఆ స్త్రీల కూడికలోనే ఉంది. జాకెట్లు కుట్టించుకునేది సగం మంది ఆ మందిరంవాళ్ళే. మీవారికి సాయంత్రాలు గడిచేది అక్కడే. ఆ ఆసరా తీసేస్తే ఆయన తట్టుకుంటాడో లేదో కూడా చూసుకోవాలి. అందుకని ఇది మొదటి అడుగు కాకూడదు. అయితే మీరు అంత మర్యాదగా చెప్పాక కూడా మాత్రలు మానకపోతే ప్రభు బల్లకు రానివ్వమని అంటే మాత్రం, అప్పుడు ఆ మందిరం మీ బిడ్డకు క్షేమమైన చోటు కాదు.

సాక్ష్యం సంగతి. ఇది మాత్రం మెత్తగా చెప్పలేను. మాత్రలు ఇస్తూ, మాత్రలు లేకుండా నయమైందని వేదిక మీద చెప్పడం అబద్ధ సాక్ష్యం. మీ మనసు ఒప్పదు, అందుకే కదా ఏడు పేజీలు రాశారు. పైగా ఆ సభలో ఇంకో తల్లి కూర్చుని ఉంటుంది. ఫిట్స్ వచ్చే ఆడపిల్లను ఒళ్ళో పెట్టుకుని. మీ మాట విని ఇంటికెళ్ళి ఆమె కూడా అట్టలు పారేస్తుంది. ఆమెకు మీలాగా పోపుల డబ్బా తట్టకపోవచ్చు.

చెప్పకుండా ఉండటానికి మీకు వాక్యం తోడుంది. యాయీరు కూతురు, పన్నెండేళ్ళ పిల్ల, చనిపోయి లేచింది. అంత పెద్ద కార్యం చేసి యేసు రెండు మాటలే అన్నాడు. ఇది ఎవరికీ తెలియనివ్వకండి, పిల్లకు తినడానికి ఏదైనా పెట్టండి. మొదటి మాటలో పిల్ల పరువు ఉంది, రెండో మాటలో పిల్ల ఆకలి ఉంది. పాస్టర్ గారితో "అయ్యగారూ, డాక్టరు మాత్రలు ఆపాక ఏడాది చూసి అప్పుడు చెబుతాను" అనండి. వినకపోతే వేదికెక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చు. "దేవుడు మా బిడ్డకు మంచి డాక్టరును చూపించాడు, పదహారు నెలలు ఫిట్స్ లేవు, మీ ప్రార్థనలకు వందనాలు, మాత్రలు వాడుతున్నాం" అనొచ్చు. అలా అంటే సభలో కలకలం రేగుతుంది, మైకు లాక్కోవచ్చు కూడా. అంత ధైర్యం లేకపోతే ఆ మూడు రోజులూ అమ్మగారింటికి వెళ్ళిపోండి. అదీ తప్పు కాదు. ఫ్లెక్సీ విషయంలో మాత్రం మొహమాటపడకండి. అది వాడి ఫోటో, వాడి జబ్బు. పదో తరగతిలోకి వెళ్ళే పిల్లాడిని ఊరి సెంటర్లో మూర్ఛ రోగిగా వేలాడదీయడానికి వాడి ఒప్పుకోలు ఎవరూ అడగలేదు. తీసేయమని మీవారి చేతే చెప్పించండి. ఒక తండ్రిగా ఆ ఒక్క మాటకైనా ఆయన ఒప్పుకుంటాడని నా ఆశ.

ఇక మీ అబ్బాయి అడిగిందానికి ఈ రాత్రే జవాబు చెప్పండి. నయమైందనకండి, కాలేదని భయపెట్టకండి. "అదుపులో ఉంది నాన్నా. మాత్ర వేసుకుంటే, బాగా నిద్రపోతే అదుపులోనే ఉంటుంది. పూర్తిగా పోయిందో లేదో కొన్నాళ్ళకు డాక్టరుగారు చెబుతారు. నీలో ఏ దయ్యమూ లేదు. నేను రోజూ నీకోసం ప్రార్థన చేస్తున్నాను, అది మాననుకూడా" అనండి. వాడికి తన జబ్బు గురించి మీకంటే బాగా తెలియాలి. కాలవలో ఈతకు ఒంటరిగా వెళ్ళొద్దని, పిట్టగోడ లేని మేడ అంచున కూర్చోవద్దని, డాక్టరు సరేననేదాకా మెయిన్ రోడ్డు మీద సైకిల్ తొక్కొద్దని వాడికి కారణంతో సహా చెప్పండి. క్లాసు టీచరుకూ చెప్పి ఉంచండి.

మీవారికి, టీచరుకు, వీలైతే పాస్టర్ గారికి కూడా ఈ నాలుగు మాటలు నేర్పండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏదీ పెట్టకూడదు. తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం దండగ. కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టి ఆపకూడదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, తేరుకోకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చెయ్యి అదిరిన తేదీలు, ఆ ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏ ఏ రోజుల్లో మాత్ర తప్పిందన్నది కాగితం మీద రాసుకెళ్ళండి. తప్పిన సంగతి దాచకండి, తిట్టినా సరే. లేకపోతే ఆయన డోసు చాలడం లేదనుకుని పెంచేస్తారు. ఈ వారం మీవారి డ్యూటీ ఎప్పుడో చూసుకుని, మాత్ర టైమును ఆయన ఇంట్లో లేని గంటకు మార్చవచ్చా అని కూడా ఆ ఫోన్‌లోనే అడగండి.